ఎవల్ రా

గల్ఫంటే ఎండే అనుకుంటరు.
వఫ్రాల జనవరి రాత్రి సలి
ఎవ్వలికి చెప్పినా నమ్మరు.

పంపు రూముల, పెప్సీ అట్టపెట్టెల,
పద్దెనిమిది గిన్నికోడి పిల్లలు.
మిషన్ల పొదిగినయి, తల్లి లేదు.
తల్లి జాగల వంద క్యాండిల్ బల్బు.
బల్బు కింద కుప్పవడితే సలి,
మూలలకు ఉరికితే ఉడుకు.
అవి యాడ పండుకున్నయో చూసి
వైరు బెత్తెడు దించుడు, జానెడు ఎత్తుడు.
నెలరోజులు నా నిద్ర అదే.

మొదటి నాడు పేపర్ పరిచిన.
ఫుట్‌బాల్ వార్తల మీద జారి
ఒకదాని కాళ్ళు రెండు దిక్కులకు పోయినయి.
ఇద్రీస్ చూసి నాలుక చప్పరించి
ఉల్లిగడ్డల గోనెసంచి చింపి పరిచిండు.
వాళ్ళ సూడాన్ల వీటిని లోయ కోళ్ళంటరట.
"నీళ్ళ మూతల రాళ్ళెయ్యి" అన్నడు.
"ఎందుకు?"
"తాగబోయి మునుగుతయి. అంత తెలివి."
అప్పటికే రెండు మునిగినయి,
వేలెడు లోతు లేని నీళ్ళల్ల.
కాళ్ళు జారినదానికి
పాత బ్యాండేజీ గుడ్డతోని రెండు కాళ్ళు కలిపి కట్టిన,
నాలుగొద్దులకు నడిచింది.

పైనుంచి చెయ్యి పెడితే గద్ద అనుకుంటయి.
ఇది నాకు తెలిసేసరికి పదకొండు రోజులు.
కిందినుంచి పెట్టాలె.
అరచెయ్యి నేలకానిచ్చి, సజ్జలు పోసి,
ఊపిరి బిగవట్టి కూసున్న.
మొఫిజుల్ తలుపుకాడ నిలబడి నవ్విండు:
"పూజనా భాయ్, అడుక్కునుడా?"
పన్నెండో నాడు
ఆ కట్టుకాళ్ళదే ముందుగాల ఎక్కింది.
బొటనవేలి గోరు గింజ అనుకొని పొడిచింది.
నెత్తురొచ్చినా కదలలే.

బొగ్గు మీద ముగ్గుపిండి రాలినట్టు
ఒంటినిండ చుక్కలొచ్చినయి.
చుక్కలతోని గొంతొచ్చింది.
ఇద్రీస్‌కు ఎట్ల ఇనవడ్తదో తెల్వది గని
నాకు మా జగిత్యాల మాటే:
ఎవల్-రా! ఎవల్-రా!
నీళ్ళ ట్యాంకరొస్తే ఎవల్-రా,
బలదియా జీపొస్తే ఎవల్-రా,
ఇసుకల పాము మెదిలితే ఎవల్-రా.
రోడ్డు మీద బతాకా అడుగుతరు,
దవాఖానల బతాకా అడుగుతరు,
ఇవి నన్నెన్నడు అడగలే.

ఒకనాడు అబూ నాసర్ తన పాత కోటిచ్చిండు.
మురిసి, తొడుక్కొని పోయిన.
పదహారు మెడలు ఒక్కసారి లేచినయి.
జాలీకి కొట్టుకున్నయి.
ఎవల్-రా!
కోటిప్పిన, కింద నా పచ్చంగి.
సప్పుడు లేదు.
అంగినే గుర్తువట్టినయి,
నా మొఖం కాదు.

ఏప్రిల్ల ఫోనొచ్చింది:
శుక్రవారం సంతకు తొమ్మిది పట్టు.

గురువారం రాత్రి
పచ్చంగి ఇడిసి మేకుకు తగిలించి
మొఫిజుల్ నీలమంగి అడుక్కున్న.
ఎందుకని వాడు అడగలే.
సరుగు లాంటి ఆ అసల్ చెట్టు కొమ్మ మీద
వరుసగ కూసున్నయి, కండ్లు మూసుకొని.
పైనుంచి పట్టిన,
గద్ద లెక్క.
మజ్రా మొత్తం లేచింది:
ఎవల్-రా! ఎవల్-రా!
నోరు మెదపలే,
గొంతు గుర్తువడ్తయేమోనని.

తెల్లారి పచ్చంగి తొడుక్కొని
సజ్జల డబ్బా ఊపిన.
ఏడు.
అరచెయ్యి నేలకానిచ్చిన.
ఉరికొచ్చినయి, తిన్నయి.
ఒక్కటి కూడ అడగలే.
బొటనవేలు మాత్రం ఎవ్వలు పొడవలే.

నీలమంగి ఉతికి ఇచ్చిన.
ఇప్పుడు మొఫిజుల్ అటు అడుగేస్తే చాలు
చెట్టు మీదికెక్కి ఒర్లుతున్నయి.
"నేనేం చేసిన భాయ్?" అంటడు వాడు,
చుక్కల ఈక ఒకటి జేబుల దొరికితే
దాంతోని చెవి గోక్కుంట.

నేను మూతల రాళ్ళు కడుగుతున్న.
అవి ఇంత పెద్దగైనయి, ఇగ మునగవు.
అయినా కడుగుతున్న.